కాకినాడ రేవు మీద పడ్డ బాంబులు: గోదావరి నగర పాలక సంస్థలకు బహిరంగ లేఖ

కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు నగర పాలక సంస్థల మేయర్లకు, కార్పొరేటర్లకు, పాలకవర్గం లేని చోట ప్రత్యేకాధికారులకు, కమిషనర్లకు:

1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. బంగాళాఖాతంలో తిరుగుతున్న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి అవి వచ్చాయి. ఆ నౌక ఉన్న దళం వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో అదే రోజుల్లో ఈ సముద్రంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేసింది. భారత ప్రధాన భూభాగం మీద జపాన్ బాంబులు మొట్టమొదట పడింది ఈ రెండు రేవుల్లోనే. అప్పట్లో కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాగలిగేవి కావు. దూరంగా లోతు నీటిలో లంగరు వేసుకుని నిలబడేవి. సరుకును నావల్లోకి దించి, ఉప్పుటేరు గుండా జగన్నాథపురం ఒడ్డుకు చేర్చేవారు. అలాంటి చోట బాంబు పడితే ముందు ప్రాణం పోయేది నావ నడిపేవాడికి, బస్తా మోసేవాడికి.

రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ నగరాల మీద పడిన బాంబులతో పోలిస్తే కాకినాడకు జరిగిన నష్టం స్వల్పం. జనంలో పుట్టిన భయం మాత్రం స్వల్పం కాదు. రేవు పట్టణాల వాళ్లు పిల్లాపాపలతో లోపలి ఊళ్లకు తరలిపోయారు. మద్రాసు నగరం చాలావరకు ఖాళీ అయింది, ప్రభుత్వ కార్యాలయాలు కూడా లోపలి జిల్లాలకు మారాయి. ఈ యుద్ధంలో దిగాలా వద్దా అని కాకినాడ మునిసిపాలిటీని అడిగినవారు లేరు. అసలు భారతీయులెవరినీ అడగలేదు. 1939లో వైస్రాయి ప్రకటించేశాడు, అంతే. యుద్ధం గురించి నిర్ణయం ఒకచోట జరుగుతుంది, దెబ్బ మరోచోట పడుతుంది. ప్రపంచ శాంతిలో నగరాలకు ఏం పని అని అడిగేవారికి చెప్పవలసిన మొదటి జవాబు ఇదే.

గోదావరి జిల్లాల వాళ్లు యుద్ధాన్ని అంతకు ముందే మరో నగరంలో చూశారు. ఆ నగరం రంగూన్. కాకినాడ నుంచి స్టీమరెక్కి వెళ్లి అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో, రిక్షాల దగ్గర పనిచేసిన తెలుగువాళ్లు వేలాది మంది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతోనే బర్మావాళ్లు వాళ్లను పిలిచేవారు. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టుకు నిరసనగా, కూలి పెంపు కోసం తెలుగు రేవు కూలీలు సమ్మెకు దిగారు. ఓడల కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను పనిలోకి తెచ్చాయి. సమ్మె తేలి తెలుగువాళ్లు తిరిగి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే. ఇద్దరు బీదవాళ్ల కూటి తగవును ఆపగలిగిన యంత్రాంగం ఆ పెద్ద నగరంలో లేకపోయింది.

పదకొండేళ్ల తర్వాత, 1941 డిసెంబర్ 23న, అదే రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. క్రిస్మస్ రోజున మళ్లీ పడ్డాయి. కూలీలు పారిపోవడంతో రేవు స్తంభించింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకు, పలుకుబడి ఉన్నవాళ్లకు దొరికింది. మిగిలిన లక్షల మంది భారతీయులు అరకాను కొండల మీదుగా కొందరు, మణిపూర్ దారిన కొందరు నడిచి వచ్చారు. దారిలో కలరాకు, మలేరియాకు, ఆకలికి వేలాదిమంది రాలిపోయారు. ఆ బాధితుల్లో ఈ డెల్టా ఊళ్లవాళ్లు ఎందరో ఉన్నారు. కాబట్టి గోదావరి ప్రాంతానికి యుద్ధం పరాయి సంగతి కాదు. రెండు తరాల కిందటి వరకు అది ఇంటి కబురే.

కాకినాడ మీద బాంబులు వేసిన దేశంలోనే మూడేళ్ల తర్వాత రెండు నగరాలు నాశనమయ్యాయి. హిరోషిమా కూడా డెల్టా నగరమే. ఓతా నది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలిన చోట, ఆ పాయల మధ్య లంకల మీద పెరిగిన ఊరు. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు దాని మీద అణుబాంబు పడింది. ఒళ్లు కాలినవాళ్లు ఆ పాయల్లోకి దూకారు, నీళ్లు శవాలతో నిండాయి. ఊళ్లో ఉన్న డాక్టర్లలో, నర్సుల్లో నూటికి తొంభైమంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. వైద్యం చేయవలసినవాళ్లే లేకుండా పోయారు. మూడు రోజుల తర్వాత నాగసాకి వంతు వచ్చింది. ఆ ఏడాది ఆఖరుకు హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 74,000 మంది మరణించారు.

ఆ తర్వాత హిరోషిమా నగర పాలక సంస్థ చేసిన పనిని ఇక్కడి కౌన్సిళ్లు వివరంగా తెలుసుకోవాలి. ఆ మేయర్ చేతిలో సైన్యం లేదు, విదేశాంగ శాఖ లేదు. 1968 నుంచి ప్రపంచంలో ఎక్కడ అణుపరీక్ష జరిగినా ఆ దేశానికి హిరోషిమా మేయర్ నిరసన లేఖ పంపుతున్నారు. అమెరికాకు, రష్యాకు, చైనాకు వెళ్లినట్టే, 1974లోనూ 1998లోనూ పోఖ్రాన్ పరీక్షల తర్వాత భారతదేశానికీ వెళ్లింది. అక్కడి శాంతి స్మారక ప్రదర్శనశాలలో ఒక గడియారం ఉంది. చివరి అణుపరీక్ష జరిగి ఎన్ని రోజులైందో అది చూపిస్తుంది. ఎక్కడైనా పరీక్ష జరిగితే ఆ అంకె మళ్లీ మొదటికి వస్తుంది.

1982 జూన్ 24న న్యూయార్క్‌లో, ఐక్యరాజ్య సమితి నిరాయుధీకరణ ప్రత్యేక సమావేశంలో, అప్పటి హిరోషిమా మేయర్ తకేషి అరాకి ఒక ప్రతిపాదన పెట్టారు. దేశాల సరిహద్దులు దాటి నగరాలు ఏకమై అణ్వాయుధాల రద్దుకు దారి వేయాలన్నది దాని సారం. అలా పుట్టిన సంస్థే నేడు మేయర్స్ ఫర్ పీస్ అని పిలిచే శాంతి మేయర్ల కూటమి. 160కి పైగా దేశాల్లో ఎనిమిది వేలకు పైగా నగరాలు అందులో ఉన్నాయి. 1991లో ఐక్యరాజ్య సమితి ఆర్థిక, సామాజిక మండలి దానికి సంప్రదింపుల హోదా ఇచ్చింది. చేరడానికి నగర మేయర్ సంతకంతో ఒక పత్రం పంపితే చాలు, రుసుము నామమాత్రం.

మేయర్ల మాట అంతర్జాతీయ న్యాయస్థానం వరకు వెళ్లింది. అణ్వాయుధాల వాడకం చట్టసమ్మతమేనా అన్న ప్రశ్న మీద హేగ్‌లో విచారణ జరిగినప్పుడు, 1995 నవంబర్‌లో హిరోషిమా మేయర్ తకాషి హిరావోకా, నాగసాకి మేయర్ ఇచ్చో ఇతో న్యాయమూర్తుల ముందు నిలబడి తమ ఊళ్లలో ఏం జరిగిందో చెప్పారు. 1996 జులై 8న వెలువడిన అభిప్రాయంలో న్యాయస్థానం, అణ్వాయుధాల వాడకం సాధారణంగా మానవతా చట్టానికి విరుద్ధమని చెప్పింది. దేశం ఉనికికే ముప్పు వచ్చిన ఆత్మరక్షణ సందర్భంలో మాత్రం ఇదమిత్థంగా తేల్చలేమంది. నిరాయుధీకరణ కోసం చర్చలు జరిపి వాటిని ఒక కొలిక్కి తేవడం దేశాల బాధ్యత అని ఏకగ్రీవంగా పలికింది. ఆ విచారణలో భారత ప్రభుత్వం కూడా అణ్వాయుధాల వాడకం చట్టవిరుద్ధమని లిఖితపూర్వకంగా వాదించింది.

ఇతో కంటే ముందు నాగసాకి మేయర్‌గా ఉన్న హితోషి మోతోషిమా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు సాగడం సరికాదు. యుద్ధానికి చక్రవర్తి కూడా బాధ్యుడేనని ఆయన 1988లో నగర సభలో అన్నారు. 1990 జనవరిలో ఒక అతివాది ఆయన మీద తుపాకీ పేల్చాడు. మోతోషిమా బతికారు, మాట వెనక్కి తీసుకోలేదు. తమ ఊరికి జరిగిన అన్యాయాన్ని చెప్పుకోవడం తేలిక. తమ దేశం ఇతరులకు చేసినదాన్ని ఒప్పుకోవడానికి గుండెధైర్యం కావాలి. కాకినాడ, రంగూన్‌ల మీద పడ్డ బాంబుల లెక్క కూడా తేలాలంటే మోతోషిమా లాంటి మేయర్లు ప్రతి దేశంలోనూ ఉండాలి.

జపాన్‌లోనే కోబె నగరం మరో దారి పట్టింది. అక్కడి రేవు నిర్వహణ నగరం చేతిలో ఉంటుంది. అణ్వాయుధాలున్న యుద్ధనౌకలను రేవులోకి రానివ్వరాదని 1975 మార్చి 18న నగర సభ తీర్మానించింది. దాని ప్రకారం లోపలికి వచ్చే ప్రతి విదేశీ యుద్ధనౌకా తన మీద అణ్వాయుధాలు లేవని పత్రం ఇవ్వాలని నగరం అడిగేది. ఉన్నదీ లేనిదీ చెప్పకపోవడం అమెరికా విధానం. అందువల్ల ఆ తర్వాత దాదాపు అర్ధశతాబ్దం పాటు అమెరికా యుద్ధనౌకలు కోబెకు రాలేదు. 2025 మార్చిలో ఒక అమెరికా మైన్‌స్వీపర్ ఆ పత్రం లేకుండానే వచ్చింది. ఎంత మంచి తీర్మానమైనా కాపలా లేకపోతే నిలవదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఏమైనా, కాకినాడ రేవు నగర పాలక సంస్థ చేతిలో లేదు, ఆ పద్ధతి ఇక్కడ యథాతథంగా పనికిరాదు.

భారత రాజ్యాంగంలో రక్షణ, అణుశక్తి, విదేశీ వ్యవహారాలు ఏడో షెడ్యూల్ కేంద్ర జాబితాలోనివి. 1993 జూన్ 1 నుంచి అమలైన 74వ సవరణ పన్నెండో షెడ్యూల్‌లో పురపాలక సంఘాలకు 18 అంశాలు చూపించింది. వాటిలో తాగునీరు ఉంది, ప్రజారోగ్యం ఉంది, అగ్నిమాపక సేవలు ఉన్నాయి, శ్మశానాలు కూడా ఉన్నాయి. బాంబు పడ్డ మరుక్షణం అవసరమయ్యేవి సరిగ్గా ఇవే. యుద్ధం మొదలుపెట్టే అధికారం మునిసిపాలిటీకి లేదు కానీ, యుద్ధం వస్తే చేయవలసిన చాకిరీ అంతా దాని నెత్తినే పడుతుంది. 2025 మే 7న దేశవ్యాప్తంగా పౌర రక్షణ కసరత్తు జరిగినప్పుడు విశాఖలో, హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. ఆ సైరన్ గోదావరి ఊళ్లకు చాలా దగ్గరలో మోగిందని గుర్తుంచుకోవాలి.

ఈ డెల్టాలో ఆ చాకిరీ ఎలాంటిదో కొంచెం దగ్గరగా చూడాలి. దవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఉన్న ఆనకట్ట వెనక నిలిచే నీళ్లు మూడు టీఎంసీల లోపే. దాని పని నీళ్లు దాచడం కాదు, నదిలో మట్టం పెంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి ఎక్కించడం. పది లక్షల ఎకరాలు ఆ కాలువల మీదే ఆధారపడ్డాయి. పట్టణాల మంచినీళ్ల చెరువులు కూడా వాటితోనే నిండాలి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసే రోజులు దగ్గర పడగానే చెరువులు నింపుకోవడానికి మునిసిపాలిటీలు ఎంత హైరానా పడతాయో కమిషనర్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. నాలుగు భాగాల్లో ఒక్కటి దెబ్బతిన్నా కాలువ తలుపుల దగ్గర మట్టం పడిపోతుంది. ఊరికి వరద రాదు, ఊరు ఎండిపోతుంది. పైన పోలవరం ప్రాజెక్టు సంగతి వేరు. 45.72 మీటర్ల పూర్తి మట్టానికి 194 టీఎంసీలు నిలిపేలా దాన్ని రూపొందించారు. నిండి ఉన్నప్పుడు అది దెబ్బతింటే వచ్చేది వరదే. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఏటిగట్లు తెగి లంకలు, పొలాలు ఏమయ్యాయో పెద్దవాళ్లకు గుర్తుంది. వరదైతే భద్రాచలం దగ్గర మట్టం చూసి ముందే చెప్పవచ్చు, దవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేయవచ్చు. బాంబుకు ఆ హెచ్చరిక ఉండదు. 2023 జూన్ 6న యుక్రెయిన్‌లో కఖోవ్కా ఆనకట్ట తెగినప్పుడు దిగువ ఊళ్లు మునిగాయి, ఎగువ కాలువల కింద భూములు ఎండాయి. ఆనకట్టల మీద, అణువిద్యుత్ కేంద్రాల మీద దాడులను నిషేధించే నిబంధన 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం 56వ అధికరణంలో ఉంది. భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదు. చేరాలని కేంద్రాన్ని కోరే నైతిక హక్కు ఆనకట్ట కింద బతికే ఊళ్లకు ఉంది.

నీళ్లతో పాటు నేల కింద గ్యాసు కూడా ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్నుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అవి శాంతికాలపు ప్రమాదాలు. కాలిన గాయాలవాళ్లను అమలాపురం తీసుకెళ్లాలా, కాకినాడ పెద్దాసుపత్రికి తరలించాలా అని పైపులైను పేలిన రోజు పడిన ఆత్రుత జిల్లా అంతా చూసింది. పదుల సంఖ్యకే అంత అల్లాడిన ప్రాంతం వేల సంఖ్యను తట్టుకోలేదు. అణుదాడికి వైద్యం ఉండదని వైద్యులు చెబుతున్న మాటకు ఇంతకంటే దగ్గరి రుజువు అక్కర్లేదు.

శాంతి తీర్మానం దేశవ్యతిరేకమని ఎవరైనా అంటారేమోనన్న సంకోచం కౌన్సిల్ సభ్యులకు ఉండవచ్చు. ఆ భయానికి ఆధారం లేదు. 1954 ఏప్రిల్ 2న నెహ్రూ పార్లమెంటులో అణుపరీక్షలు నిలిపేయాలని అన్ని దేశాలనూ కోరారు. 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ అణ్వాయుధ రహిత ప్రపంచానికి కాలక్రమంతో కూడిన ప్రణాళికను ఐక్యరాజ్య సమితి ముందుంచారు. హిరోషిమా మృతుల స్మృతిలో భారత పార్లమెంటు ఆగస్టు 6న మౌనం పాటించే ఆనవాయితీ ఉంది. ముందుగా అణ్వాయుధం వాడబోమన్నది దేశం ప్రకటించుకున్న విధానం. రాజ్యాంగం 51వ అధికరణం అంతర్జాతీయ శాంతిని పెంపొందించడానికి రాజ్యం కృషి చేయాలని చెబుతోంది. అదే సమయంలో నిజాన్ని దాచకూడదు. భారతదేశం అణ్వాయుధ దేశం. అణ్వాయుధాలను నిషేధిస్తూ 2017లో కుదిరి 2021 జనవరి 22న అమలులోకి వచ్చిన ఒప్పందంలో అది గానీ, అణ్వాయుధాలున్న మిగతా ఎనిమిది దేశాలు గానీ చేరలేదు. కాకినాడకు నూట యాభై కిలోమీటర్ల దూరంలోని విశాఖలోనే 2009 జులై 26న అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం చేసింది. పెద్ద యుద్ధమే వస్తే ఈ తీరం 1942 కంటే ఎంతో పెద్ద గురి అవుతుంది. అందుకే తొమ్మిది దేశాలూ కలిసి, తనిఖీలతో, గడువులతో ఈ ఆయుధాలను వదులుకోవాలని అడగడమే సబబైన తీర్మానం. ఒక్క దేశాన్నే చేతులు కట్టుకోమనడం శాంతివాదం కాదు.

పురపాలక సభ్యుల చేతితో పెద్ద తగవు తీరిన చరిత్ర ఈ డెల్టా పొరుగునే ఉంది. కాకినాడకు దగ్గరలోని యానాం ఫ్రెంచివారి చేతిలో ఉండేది. 1954 జూన్ 13న యానాం చేతులు మారినప్పుడు కాల్పులు జరిగాయి, అది కత్తి కదలకుండా జరిగిన పని కాదు. అయితే ఫ్రెంచి పాలిత ప్రాంతాల భవిష్యత్తును చివరకు తేల్చింది తుపాకి కాదు. 1954 అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రతినిధి సభ సభ్యులు, పురపాలక సభ్యులు కలిసి 178 మంది ఓట్లు వేశారు. 170 మంది భారతదేశంలో విలీనానికి మొగ్గారు, 8 మంది వద్దన్నారు. నవంబర్ 1న పాలన భారత్ చేతికి వచ్చింది. అలాంటి ఓటు జరగని గోవాకు మాత్రం ఏడేళ్ల తర్వాత సైన్యం వెళ్లవలసి వచ్చింది. వార్డుల నుంచి గెలిచి వచ్చిన సామాన్యులు ఒక సామ్రాజ్యపు సరిహద్దును ఓటుతో మార్చారంటే, మునిసిపల్ సభ్యుడి మాటకు విలువ లేదనడం చెల్లదు.

నగరాల మధ్య స్నేహం కూడా చిన్న సంగతి కాదు. 1940 నవంబర్‌లో జర్మన్ బాంబులకు నేలమట్టమైన ఇంగ్లండు నగరం కోవెంట్రీ, స్టాలిన్‌గ్రాడ్‌తో చెలిమి కట్టింది. కోవెంట్రీ మహిళలు వందలమంది తమ పేర్లను ఒక బల్లగుడ్డ మీద దారంతో కుట్టి అక్కడికి పంపారు. మన దగ్గర విజయవాడకు అమెరికాలోని మొడెస్టోతో సోదర నగర సంబంధం ఉంది. అదే మొడెస్టోకు యుక్రెయిన్‌లోని ఖ్మెల్నిత్‌స్కీ కూడా సోదర నగరమే. విదేశీ నగరాలతో ఇలాంటి ఒప్పందాలకు కేంద్ర విదేశాంగ శాఖ అనుమతి తీసుకోవాలి. అది అడ్డంకి కాదు, ఒక దరఖాస్తు.

ఊరి లోపలి శాంతిని పక్కన పెట్టి ప్రపంచ శాంతి మాట్లాడితే జనం నమ్మరు. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. రంగూన్ రేవులో 1930లో లేనిది, అమలాపురంలో ఆ రోజు అందనిది ఒక్కటే. తగవు ముదరక ముందే అన్ని కులాల, మతాల పెద్దలను ఒకచోట కూర్చోబెట్టే అలవాటు. గొడవ జరిగాక పోలీసు స్టేషన్‌లో వేసే శాంతి కమిటీ కంటే, ఏడాది పొడవునా పనిచేసే వార్డు కమిటీ మేలు.

ఇక చేయవలసిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. శాంతి మేయర్ల కూటమిలో చేరుతూ తీర్మానం చేయాలి. దవళేశ్వరం, పోలవరం లాంటి కట్టడాలను ఏ యుద్ధంలోనూ తాకరాదన్న అంతర్జాతీయ నిబంధనను దేశం అంగీకరించాలని అదే తీర్మానంలో కోరాలి. ఆగస్టు 6న బడి పిల్లలతో సభ జరపాలి. హిరోషిమాలో ఆ సాయంత్రం నదిలో దీపాలు వదులుతారు కానీ ఇక్కడ అవి గోదావరి వరద రోజులు, పిల్లల్ని ఘాట్‌లకు తీసుకెళ్లకూడదు. వీరేశలింగం 1890లో కట్టించిన రాజమహేంద్రవరం టౌన్‌హాలు అందుకు సరిపోతుంది. అణుబాంబుకు కాలి మళ్లీ చిగిర్చిన చెట్ల విత్తనాలను హిరోషిమా ఇతర నగరాలకు పంపుతోంది. వాటిని పెంచడానికి కడియం నర్సరీలవాళ్ల కంటే నేర్పు ఉన్నవాళ్లు దొరకరు. ఇక్కడి ఎండకు ఏ రకం నిలుస్తుందో కూడా వాళ్లే చెప్పాలి. విశాఖ మ్యూజియంలో 1942 నాటి జపాన్ బాంబు ఒకటి ఈనాటికీ ప్రదర్శనలో ఉంది. కాకినాడ రేవు దగ్గర కూడా ఆ రోజును చెప్పే శిలాఫలకం ఒకటి, బాంబు దాడినీ రంగూన్ నుంచి నడిచి వచ్చినవాళ్లనూ కలిపి తలుచుకునేలా, తెలుగులో చెక్కించాలి.

ఈ మూడు నగరాల్లో ముందడుగు కాకినాడదే కావడం న్యాయం. వచ్చే ఏప్రిల్ 6 లోపు జరిగే కౌన్సిల్ సమావేశం ఎజెండాలో ఈ తీర్మానాన్ని చేర్చాలని, రాజమహేంద్రవరం, ఏలూరు దాన్ని బలపరచాలని, పాలకవర్గం లేని చోట ప్రత్యేకాధికారి ఆ ప్రతిపాదనను ప్రభుత్వానికి పంపాలని ఈ లేఖ కోరుతోంది.